ముందు తీసిన తలుపు

ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఆగండిగారు. శీతల గిడ్డంగుల కంపెనీలో మెయిల్ సర్వర్ బాధ్యత ఆయనది. కరెంటు పోయి వచ్చిందంటే చాలు, జనం ఆ ఇరుకు గదిలోకి తోసుకొచ్చి, మెయిల్ ఏదీ మెయిల్ ఏదీ అని ప్రాణం తీసేవారు. ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తేవాడు.

"ఆగండాగండి! ముందు పేర్ల పట్టిక లేవాలి. తర్వాత చెత్త ఏరే జల్లెడ. ఆ తర్వాత మీ పెట్టెలు. అన్నీ లేచాక చివర్న, బయటి మెయిల్ లోపలికొచ్చే తలుపు. తలుపు ముందు తీశామనుకోండి, పట్టిక ఇంకా నిద్రలో ఉంటుంది కదా, వచ్చిన ప్రతి మెయిల్‌నీ సర్వర్ 'ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరు' అని తిప్పి పంపేస్తుంది."

విని విని కాంటీన్ ఆవిడకి కూడా ఇది కంఠతా వచ్చేసింది. ఇంట్లోనూ ఇదే గోల. బయటికి బయల్దేరితే గ్యాసు, కిటికీ, లైటు, తాళం. వరుస తప్పితే మళ్ళీ మెట్లెక్కి మొదట్నుంచీ మొదలు. "సినిమా సగం అయిపోతుందండీ!" అని భార్య కింద నిలబడి మొత్తుకునేది.

ఇంత ఘనుడూ కాంట్రాక్టు మీదే ఉన్నాడు మరి. ఆరునెలలకోసారి పొడిగింపు. అత్తగారైతే "మా ఆరునెలల అల్లుడు" అని మొహం మీదే అనేది. నవ్వుతూ అనేది, అదే ఇంకా మంట. ఈ ఏడు మేనేజరు గట్టిగా సిఫారసు రాయడంతో ఎట్టకేలకు పర్మనెంటయ్యే యోగం పట్టింది. హెడ్డాఫీసు నుంచి మెయిల్ వస్తుంది, సరేనని జవాబివ్వాలి, అంతే.

ఆ రోజు పొద్దున్నే ఇంకో బ్రాంచి మిత్రుడు ఫోన్ చేసి, "నాది వచ్చేసిందోయ్! నీది?" అన్నాడు.

ఆగండిగారికి కాలు నిలవలేదు. పెట్టె తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఖాళీ. మధ్యలో భార్య ఫోను.

"ఏవండీ, వచ్చిందా?"

"ఆగవే, చూస్తున్నాగా!"

ఇక సర్వర్ మీద అనుమానం పుట్టింది. నిక్షేపంలా పనిచేసుకుంటున్నదాన్ని ఆపి, మళ్ళీ లేపాడు. లేపేటప్పుడు, ఏం చెప్పమంటారు, ముందు తలుపు తీసేశాడు! లోపలివి ఎలాగూ లేస్తాయి, ఈలోగా ఒక నిమిషం కలిసొస్తుందనుకున్నాడు. ఊరందరికీ నీతులు చెప్పే మనిషి!

పట్టిక తాపీగా ఒళ్ళు విరుచుకుంటూ లేచింది. సరిగ్గా ఆ సందులోనే హెడ్డాఫీసు మెయిల్ వచ్చింది. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరని సర్వర్ మర్యాదగా చెప్పి తిప్పి పంపేసింది. రాకపోకల చిట్టాలో ఆ సంగతి ఆయన కంట పడేసరికి మధ్యాహ్నమైంది.

వెంటనే హెడ్డాఫీసుకి ఫోన్ చేశాడు. నియామకాలు చూసే ఆవిడ ఎంతో నెమ్మదస్తురాలు.

"మీరు మానేశారనుకుని మీ పేరు తీసేశామండి."

"ఉన్నానండీ! ఇదిగో, మాట్లాడుతున్నాగా!"

"అది సరేనండి. లేరని మీ సర్వరే చెప్పింది."

"తప్పు చెప్పిందమ్మా!"

"మాకూ అనుమానం వచ్చిందండి. మీ మేనేజరు గారి సిఫారసు తీసి చూస్తే, ఆ సర్వర్ ఇన్నేళ్ళలో ఒక్క తప్పు కూడా చెయ్యలేదని రాసుంది."

"అది నా గురించి రాసిన సిఫారసండీ!"

"మీ గురించేగా. అందుకే నమ్మాం."

"మళ్ళీ నా పేరు ఎక్కించే దారే లేదా?"

"ఎందుకు లేదండీ! ఆ తప్పు ఎలా జరిగిందో, ఎవరివల్ల జరిగిందో రాసి పంపండి. కాకపోతే అది చదివాక సిఫారసు నిలవదు. ఆలోచించుకోండి."

ఆలోచించడానికేముంది! రాయకపోతే ఆయన లేడు. రాస్తే ఉండటానికి అర్హుడు కాడు. తన మంచి పేరు మీద తనకే ఒళ్ళు మండిపోయింది.

మళ్ళీ భార్య ఫోను.

"ఏవండీ, వచ్చిందా?"

"వచ్చింది. వచ్చి తిరిగి వెళ్ళిపోయింది."

"అయ్యో! ఎవరు పంపేశారు?"

"నేనే."

తిట్లు పడతాయని ఫోన్ చెవికి కాస్త దూరంగా పెట్టుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "పోనీలెండి. భోజనం చేశారా?" అంది. ఆ మాటకి ఆయన సర్వర్ వెనక్కి వెళ్ళి, ఏసీ మోతలో ఎవరికీ వినపడకుండా ఏడ్చాడు.