ఎత్తిన కాళ్లు

నలుగురు పిల్లల్ని పెంచడమంటే మాటలు కాదని ఒక గుమాస్తా ఆఫీసులో రోజూ నిట్టూరుస్తాడు. ఇంట్లో ఆయన పెంపకమల్లా కుర్చీలో కూర్చుని ఫోను చూడటం, భార్య నేల తుడుస్తూ దగ్గరికొస్తే కాళ్లు పైకెత్తడం. ఆ ఎత్తడాన్ని ఆయన సాయం కింద జమకట్టుకుంటాడు. మొన్న చంటిదానికి ఒళ్లు కాలిపోతోంది. "పెద్దాళ్లకి నీళ్లు పోస్తున్నా, చంటిదానికి కాస్త ఆ మందు పట్టండి!" అని భార్య స్నానాలగదిలోంచి కేకేసింది. ఆయన ఫోను మీంచి చూపు తిప్పకుండానే చెంచా నింపి, ఎదురుగా తెరుచుకున్న నోట్లో పోశాడు. సగం నేలమీద ఒలికింది. ఆవిడ వచ్చేసరికి చంటిది మంచం మీద మూలుగుతూనే ఉంది. మూడోవాడు మూతి నాకుతున్నాడు.

"వీడికి పోశారా?"

"నోరు తెరిచాడు, పోశాను. జ్వరం లేనివాడు మందుకి నోరెందుకు తెరుస్తాడే?"

"తియ్యగా ఉందమ్మా," అన్నాడు వాడు.

"వీడికేం కాదులే," అంటూ ఆయన మళ్లీ ఫోనులోకి దిగిపోయాడు. ఆవిడ చంటిదాన్ని ఒళ్లో వేసుకుని మందు పట్టింది. పిల్ల కాస్త కుదుటపడ్డాక తడిగుడ్డ తెచ్చి, ఒలికిన మందు తుడవడానికి వంగింది. అడగకుండానే ఆయన కాళ్లు పైకెత్తాడు.