మెట్ల మీద చావు

ఆర్విన్ టిస్‌డేల్ తాగి మెట్ల మీద పడ్డాడని హాలీవుడ్ అంతా చెప్పుకుంటున్నారు గానీ, ఆ మనిషి పాలు తప్ప ఏమీ తాగడు. మూకీల కాలం నుంచీ దయ్యాల సినిమాల్లో మొదట చచ్చే వేషం ఆయనదే. మనిషి పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంటాడు. వేషం కోసం ముక్కుని పైకి లాక్కుని కట్టే సన్నతీగ ఒరిసి ఒరిసి పెదవి మీద మచ్చ పడింది. పొద్దున్నే మొహానికి బూడిదరంగు పూసుకుని, అద్దె ఇంటి మెట్ల మీంచి దొర్లి చావడం సాధన చేస్తాడు. కింద కాఫీ తాగే తోటి నటులు తప్పొప్పులు చెబుతారు.

మొన్న గుండె పట్టేసి నిజంగానే పడ్డాడు. అన్నీ వినబడుతున్నాయి, నాలుక మాత్రం కదల్లేదు.

“ఇవాళ అదరగొట్టావు బాబాయ్,” అని కాఫీ తాగుతున్న తోటి నటి ఓపల్ చప్పట్లు కొట్టింది.

“రెప్ప కూడా వెయ్యట్లేదు చూడవే, అదీ పనితనం,” అన్నాడు పక్కగది క్లైడ్.

ఇద్దరూ ఆయన్ని దాటుకుని షూటింగుకి వెళ్లిపోయారు. అద్దెకిచ్చిన ఇల్లుగలావిడ చీపురుతో వచ్చి, “లే నాయనా, ఊడవాలి,” అని చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. డాక్టరు వచ్చి బతికించాడు.

ఇప్పుడాయనకి నిద్ర పట్టట్లేదు. ప్రాణం పోతున్నా ఆ చప్పట్లకి లోపల మురిసిపోయాడట, అదీ ఆయన్ని పట్టుకున్న భయం. అయినా మళ్లీ మెట్లెక్కుతున్నాడు. మీరటు వెళ్లినప్పుడు ఆయన పడి ఉంటే, కాస్త వంగి, పేరు పెట్టి పిలిచి చూడండి.