పసుపు కోసం వదిలిన తెలుపు

పోయిన వారం ఒక పొద్దున నేను కాఫీ వడపోస్తుండగా ఎదురింటి కోడలు గుమ్మంలో నిలబడి, "అత్తమ్మ పోయింది మేడం. నిద్రలనే పోయింది," అని చెప్పింది. ఆ అత్తమ్మ మా డ్రాయింగ్ టీచరు. నారాయణగూడలోని ఒక ఆడపిల్లల బడిలో ఆమె బొమ్మలు, నేను లెక్కలు చెప్పాం. రిటైరయ్యాక కూడా అశోక్‌నగర్‌లో ఎదురెదురు ఇళ్లలో ఉండి ఒకరినొకరు దిద్దుకుంటూనే వచ్చాం. ఆమె దగ్గర కుంచె పట్టినవాళ్లు మీలోనూ ఉండవచ్చు.

ఉంటే మీకు గుర్తుండే ఉంటుంది, ఒక కాగితం మీద మూడు రంగులే వాడనిచ్చేవారు. "మూడు చాలు. నాలుగోది వచ్చిందంటే లొల్లే," అనేవారు. చిక్కడపల్లి మార్కెట్టుకు నాతో వస్తే వంకాయ పక్కన క్యారెట్టు, దాని పక్కన ముల్లంగి పెట్టి చూస్తూ నిలబడేవారు. కూరగాయలామె ఓపిక పట్టి పట్టి, "కొంటవా అమ్మా, వాటికి పెండ్లి చేస్తవా?" అనేది. "సంబంధం కుదిరితే కొంట," అనేవారు ఈమె తొణక్కుండా.

మా ఇంట్లో కూర్చుని బొమ్మ వేస్తే కుంచెను కాఫీ గ్లాసులోనే ముంచేవారు. చెప్పి చెప్పి విసిగి, ఒక స్టీలు గ్లాసును ఆ కుంచెకే కేటాయించి వేరే గూట్లో పెట్టాను.

మా మనవరాలి పెళ్లి కుదిరాక శుభలేఖ దగ్గర పేచీ వచ్చింది. నారింజ, లావెండర్, తెలుపు రంగుల్లో ఉంటేనే కార్డట. ఎరుపూ పసుపూ అయితే అసలు వద్దు, ఫోనులో పంపుకుంటానంది. మగపెళ్లివారి మామ్మగారేమో తెల్ల కార్డయితే దేవుడి దగ్గర పెట్టనని కబురు చేశారు. దేవుడి దగ్గర పెట్టకుండా మా ఇంట్లోనూ పిలుపులు మొదలుకావు. పిల్ల పట్టు వదలదు, పెద్దవాళ్లం మేమూ వదలం. చివరికి ఆ పని టీచరు గారి చేతికి వెళ్లింది.

ఆమె ముందు మనవరాలిని కూర్చోబెట్టారు. "మూడూ సమానంగ పెడితే కొట్లాడుకుంటయ్ బిడ్డా. తెలుపు అన్నం. నీ లావెండర్ పప్పు. నారింజ ఆవకాయ. ఆవకాయతోని కంచం నింపితే ఎవరు తింటరు?"

లావెండర్‌ను మా వైపు వంగపూవు రంగంటామని చెప్పాను. "మంచిగున్నది, అదే పేరు పెట్టుకుందం," అన్నారు.

తెల్లని కార్డు, చుట్టూ వంగపూవు రంగు అంచు, పేర్లు మాత్రం నారింజలో, కనకాంబరం ఛాయలో. బాగానే ఉంది. చిక్కడపల్లి ప్రెస్సు నుంచి నమూనా రాగానే నేను అలవాటు కొద్దీ పసుపు తడిపి నాలుగు మూలలా పెట్టాను. పసుపు లేనిది శుభలేఖ కాదు కదా. అది ఆరేసరికి లావెండర్ మూలలు బురద కాళ్లతో తొక్కినట్టు తయారయ్యాయి. మనవరాలు ఏడుపు మొహం పెట్టింది.

టీచరు గారు కార్డును కిటికీ వెలుతురులో తిప్పి చూసి నవ్వారు. "గిన్నేండ్లు పిల్లలకు రంగులు చెప్పిన మేడం. పసుపు గూడ రంగేనని యాదికి రాలే."

"ఇప్పుడేం చేస్తారు? మీ లెక్కన నాలుగోది లొల్లి కదా," అన్నాను.

"పిలవకుండ వస్తే లొల్లి. పీటేసి పిలిస్తే ఎందుకు చేస్తది?"

అంచును నాలుగు మూలల దగ్గరా తెంపి, బొటనవేలు ఆనేంత మేర గుండ్రంగా తెలుపు వదిలారు. అప్పటికే ఒంట్లో బాగాలేదు. ఒక్కో మూలకూ ఆగి, అలుపు తీరాక మళ్లీ గీశారు. నేను అందుకోబోతే, "మీరొద్దు. స్కేలు పెడ్తరు," అన్నారు.

రెండో నమూనాకు పసుపు పెట్టి నేనే కవాడిగూడలోని మగపెళ్లివారింటికి తీసుకెళ్లాను. మామ్మగారు కళ్లజోడు సవరించుకుని మూలలన్నీ తడిమారు. "పసుపుకు చోటు వదిలారే. ఈ రోజుల్లో ఎవరికి గుర్తుంటోంది?" అని, లేచి తమ దేవుడి గూట్లో పెట్టారు. వచ్చి ఆ మాట చెబితే టీచరు గారు, "ప్యాసేనా?" అని మాత్రం అడిగారు. "ఫస్టు క్లాసు," అన్నాను. నేను మార్కులు ఊరికే వేయనని ఆమెకు తెలుసు.

అచ్చయిన కార్డులు ఆమె పోయిన తర్వాత వచ్చాయి. మొదటిది దేవుడికి, రెండోది ఆమెకు అని ముందే మాటిచ్చాను. మైల ఉన్న ఇంటికి శుభలేఖ తీసుకెళ్లకూడదు. ఆ నియమం నేను తప్పను. కోడలే గేటు దగ్గర కనిపించి, "మైల తీరినంక అత్తమ్మ కార్డు మాకియ్యాలె మేడం. అద్దం కట్టిస్త," అంది. ఇస్తానన్నాను.

అందాకా అది మా దేవుడి గూటి పక్క గూట్లో, ఆమె కుంచె గ్లాసుకు ఆనించి ఉంది. నాలుగు మూలలా పసుపు ఆరి, తెలుపు మధ్య చక్కగా నిలిచింది. చుట్టూ వంగపూవు రంగు, నడుమ కనకాంబరం. నాలుగు రంగులున్నాయి. ఏదీ లొల్లి చేయడం లేదు.