తలలన్నీ నడిమికి

పొద్దున తొర్రూరులో మా హాలు తలుపు తీయగానే రబ్బరు చాపల వాసన, దాని వెంటే నొప్పుల మందు ఘాటు ముక్కుకు తగులుతాయి. గడపలో ఒక్క క్షణం ఆగుతాను. విజయ మేడం చీర కొంగులోనూ ఇదే ఘాటు ఉండేది. పిల్లలం, ఎవరికో రాసి వచ్చారనుకునేవాళ్ళం.

ఆమె జనగామ బడిలో మా వ్యాయామం టీచరు. నాకు యోగా నేర్పిందీ ఆమే. ఆమె ఈల ఊదితే దారం పట్టినట్టు వరుసలో నిలబడాల్సిందే, అడుగు అటూ ఇటూ అయిందా, మన పని అయిపోయినట్టే. తర్వాత నేను హైదరాబాదులో నడుముకూ పొట్టకూ బలమిచ్చే పిలాటిస్ కసరత్తులు నేర్చుకుని, అక్కడే జిమ్ములో కొలువు చేసి, దాన్ని వదులుకుని తొర్రూరులో సొంతంగా క్లాసు పెట్టాను. చాపలు మాత్రం ఆమె పరిచినట్టే, ఒకదాని వెనక ఒకటి.

నాట్లు వేసీ, పత్తి ఏరీ నడుములు పట్టేసిన ఆడవాళ్ళు ఆశగా వచ్చారు. నిలబడి చేసేవన్నీ చేసేవారు. పడుకోమంటే సగం మంది కదిలేవారు కాదు, మర్నాటి నుంచి రావడమే మానేసేవారు. సిగ్గనుకున్నాను, బద్ధకమనుకున్నాను, లోలోపల కోపం కూడా తెచ్చుకున్నాను. ఇలాగే సాగితే క్లాసు మూసి మళ్ళీ ఆ జిమ్ముకే పోక తప్పదు. భయమేసి, ఒకసారి వచ్చి చూడమని మేడంను బతిమాలాను.

ఆమె గోడవారగా కుర్చీ వేసుకుని చూశారు. వెనక చాప మీద లచ్చవ్వ పడుకుంది. ముందు చాప మీద ఆమె కోడలు స్వరూప ముడుచుకుని కూర్చుంది, ఎంత చెప్పినా ఒరగదు.

మేడం నన్ను దగ్గరికి పిలిచారు. "గా పిల్ల కాళ్ళు చాపితే ఏడికి పోతయే?"

అప్పుడు చూశాను. అత్త తల మీదికి. కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లోనే పుట్టాను, నాకది తట్టనే లేదు.

"మీరు నేర్పిన వరుసే గద మేడం," అన్నాను.

"నేను బడి పోరగాండ్లకు నేర్పిన. వీళ్ళు అత్తాకోడండ్లు. నీ ముందల ఉన్నోళ్ళను జూడు, నన్ను గాదు."

చాపలన్నీ లాగి గుండ్రంగా పరిచాను. తలలన్నీ నడిమికి, కాళ్ళు గోడల వైపు. స్వరూప అత్త పక్కనే వెల్లకిలా పడుకుని హాయిగా ఊపిరి వదిలింది. అంతలో మేడం కుర్చీలోంచి లేచి, "నాకు సుత ఒకటెయ్యే" అన్నారు. పళ్ళు బిగబట్టి, మెల్లగా ఒరిగారు.

లచ్చవ్వ తల తిప్పి చూసింది. "పంతులమ్మా, నీకు సుత నడుం నొస్తదా?"

"మస్తు ఏండ్ల సంది," అన్నారు మేడం. "ఈల పట్టుకొని ముందల నిలబడ్డదాన్ని. ఎవలకు చెప్పుకోను?"

కొంగులోని ఆ ఘాటు ఎవరి కోసమో నాకప్పుడు తెలిసింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

మేడం ఇప్పుడు లేరు. క్లాసు నిలబడింది. యోగాలోంచి ఏం తీసుకోవాలో, పిలాటిస్ ఎంత కలపాలో ఇంట్లో కూర్చుని రాసుకోవడం మానేశాను. అందరం గుండ్రంగా పడుకున్నాక ఎవరికెక్కడ పట్టేసిందో ఒకరి తర్వాత ఒకరు చెబుతారు, ఆ రోజు పాఠం దాన్నిబట్టే. ఆ గుండ్రంలో ఒక చాప నాది. అడిగేదాకా ఆగను, మొదట నేనే చెబుతాను.

"ఇయ్యాల నాకు ఎడమ భుజం గుంజుతాందవ్వా."