సెర్చ్ ఇంజిన్‌కి నేను పెట్టుకున్న అర్జీ

ఒక్క ఉత్తరంతో ఎన్ని కొంపలు ముంచవచ్చో నాకు తెలుసు. ముంచాను కాబట్టి.

తొంభైల చివర. హైటెక్ సిటీ గుండ్రటి భవనం అప్పుడే లేచింది. దాని చుట్టూ బండరాళ్ళు, బండరాళ్ళ మధ్య మాదాపూర్ కిరాయి గదులు. టైపు ఇన్‌స్టిట్యూట్ మూసేసి, అలాంటి గదిలో ‘వెబ్‌సైట్లు చేయబడును’ అని బోర్డు తగిలించాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న అట్ట లేని పుస్తకమే గురువు. ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, వాళ్ళకు ఆ పుస్తకం కూడా లేదు.

నా దగ్గర మొదట సైటు చేయించుకున్నావిడ వరలక్ష్మిగారు. భీమవరం నుంచి వచ్చి చందానగర్‌లో పచ్చళ్ళు పెట్టేవారు. విదేశాల్లో మనవాళ్ళు సెర్చ్ ఇంజిన్‌లో ‘ఆంధ్ర పికిల్స్’ అని కొడితే మొదటి పేజీలో రెండో పేరు ఆవిడదే. ఆ ధైర్యంతో ఆ వేసవిలో అలవాటుకు మించి ఆవకాయ పెట్టేశారు. హాల్లో జాడీలు, మంచం కింద జాడీలు, దేవుడి గది గుమ్మం దాకా జాడీలు.

సరిగ్గా అప్పుడే సైటు జారిపోయింది. ఆవిడ వచ్చి, కూర్చోకుండానే అడిగారు.

“మాస్టారూ, ఇన్ని రోజులైందండీ, ఒక్క ఆర్డరు లేదు. మా సైటు ఉందా, పోయిందా?”

“ఉందండీ. కాస్త లోపలికి వెళ్ళింది.”

“ఎంత లోపలికండీ?”

“తొమ్మిదో పేజీ.”

“తొమ్మిదో పేజీ దాకా ఎవరు చూస్తారండీ? శుభలేఖ వెనకవైపే ఎవరూ తిప్పి చూడరు! ఆ జాడీలన్నీ నేనేం చేసుకోను?”

నెల తిరిగేలోగా పైకి తెస్తానని మాట ఇచ్చేశాను.

ఇక రోగనిర్ధారణ. ముందు టెలిఫోన్ లైనును అనుమానించాను. ఇంటి ఓనరు యాదగిరికి టెంట్ హౌస్ ఉండేది, దానికీ నేనే సైటు చేసిపెట్టాను. “లైనుకేం గాలే సారూ, జర నీ పని జూస్కో” అన్నాడు. తరవాత నా కంప్యూటరును అనుమానించాను. నెట్ సెంటరుకు వెళ్ళి చూస్తే అక్కడా తొమ్మిదే. ఎవరో పోటీ పచ్చళ్ళవాళ్ళు కుట్ర పన్నారని రెండు రోజులు పళ్ళు నూరాను. అనుమానించనిది నన్నొక్కణ్ణే.

అసలు సంగతి చెప్పాలి. పేజీ అడుగున, తెల్లటి జాగాలో తెల్లటి అక్షరాలతో, ‘పికిల్’ అన్న మాట మూడువందలసార్లు కొట్టి ఉంచాను. మనుషులకు కనపడదు, యంత్రం మాత్రం చదువుకుని ‘ఓహో, ఇక్కడ చాలా పచ్చడి ఉంది’ అనుకుంటుంది. టైపు మాస్టారుకి ఒకే మాట పేజీలకు పేజీలు కొట్టడం ఎంత పని? సైటు జారింది కదా, మందు చాలలేదనుకుని మూడు వేలు చేశాను. రెండు వారాలకు పదహారో పేజీకి చేరింది.

యాదగిరి తెర వంక చూశాడు. “ఏంది సారూ, కింద ఖాళీ జాగ గింత పొడుగున్నది?”

“ఖాళీ కాదు. అందులో మూడు వేల మాటలున్నాయి.”

“నాకైతే ఒక్కటి గూడ కనవడ్త లేదు.”

“అదే దాని గొప్ప!”

“గిట్ల దాసిపెట్టి రాసుడేంది? వాళ్ళకు దెలిస్తే?”

“యంత్రానికి ఏం తెలుస్తుందయ్యా!”

నాకు ఒళ్ళు మండిపోయింది. అన్యాయం జరిగితే అర్జీ పెట్టడం మా తరం పద్ధతి. తాలూకాఫీసు ముందు మెషీన్ పెట్టుకుని నేను కొట్టిన అర్జీలకు లెక్కలేదు. పడిన కష్టం పూసగుచ్చినట్టు చెప్పాలి, అదే మేలు ఎవరెవరికి దక్కిందో పేరుపేరునా ఎత్తిచూపాలి, చివర న్యాయం అడగాలి. సెర్చ్ ఇంజిన్ కంపెనీకి నాకొచ్చిన ఇంగ్లీషులో అలాగే కొట్టి ఈమెయిల్ పంపాను. దాని తాత్పర్యం ఇది:

“అయ్యా, మేము ఎంతో శ్రమకోర్చి, ఎవరి కంటా పడకుండా, మూడు వేల మార్లు ‘పికిల్’ అని వ్రాసియుంటిమి. అయినను మమ్ము పదహారవ పేజీకి నెట్టితిరి. ఇదే పద్ధతిలో మేము చేసిన మాదాపూర్ టెంట్ హౌస్, చందానగర్ హోమియో వైద్యశాల, నిజాంపేట పూలమొక్కల నర్సరీ, గచ్చిబౌలి ఇటుక బట్టీ మొదటి పేజీలోనే యున్నవి. ఈ పక్షపాతమేల? విచారించి అందరినీ సమానముగా చూడ ప్రార్థన.”

యాదగిరికి చదివి వినిపించాను.

“నా టెంట్ హౌస్ గూడ వెట్టినవా?”

“మొట్టమొదట పెట్టాను.”

“మంచిగున్నది సారూ. గట్టిగ రాసినవ్” అని మురిసిపోయాడు.

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. అలా దాచి రాయడం వాళ్ళ దగ్గర నేరమట. ఇంత వివరంగా తెలియజేసినందుకు కృతజ్ఞతలట. నేను కోరినట్టే సమానంగా చూశారట. అయిదు సైట్లనూ జాబితాలోంచి తీసేశారట.

“నా టెంటేం జేసింది సారూ?” అని అరిచాడు యాదగిరి. వరలక్ష్మిగారు మాత్రం అరవలేదు. “మాట ఇచ్చారు కదండీ, జాడీలు మీరే అమ్మిపెట్టండి” అన్నారు, అంతే.

యాదగిరినే బతిమాలి టెంటు సామాను తోసే బండి తీసుకున్నాను. జాడీలు ఎక్కించి, హైటెక్ సిటీ గేటు దగ్గర మధ్యాహ్నం భోజనాల వేళకు నిలబెట్టాను. హాస్టల్ సాంబారుతో నాలుక చచ్చిన కోస్తా, సీమ కుర్రాళ్ళు ఎగబడ్డారు. పది రోజుల్లో మంచం కింద జాడీ కూడా మిగల్లేదు. ఆఖరి జాడీ కొన్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి వేలు నాకుతూ అడిగాడు.

“అద్భుతంగా ఉందంకుల్! మీకు వెబ్‌సైట్ ఉందా?”

“లేదు నాయనా,” అన్నాను. “ఉన్నా నీకు కనపడదు.”

ఆ ఎండలో, ఖాళీ బండి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ యంత్రానికీ అర్జీ పెట్టను. ఒకవేళ ఒళ్ళు మండి పెట్టినా, పక్కవాడి పేరు రాయను.