మెట్టుగూడ మేడ మీద ఉచిత కరెంటు

కరెంటు కోతలతో జంటనగరాలు ఉడికిపోతున్న ఒక వేసవిలో, ప్రపంచానికి ఉచిత కరెంటు ఇవ్వాలని మా ఆయన నిర్ణయించుకున్నారు. అప్పట్లో మేం మెట్టుగూడలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్లం. ఆయన లాలాగూడలో రైల్వే గుమాస్తా, నేను బడిలో లెక్కల టీచర్ని. ఇంట్లో ఫ్యూజు పోతే ఎలక్ట్రీషియన్‌కి కబురుపెట్టే మనిషి, ఇంటర్నెట్ సెంటర్లో ఎవరో విదేశీయుడి వీడియో చూసొచ్చి, సైన్సు ఇన్నాళ్లూ మనల్ని మోసం చేసిందని భోజనాల దగ్గర ప్రకటించారు.

"చిన్న బ్యాటరీ ఇస్తే చాలు. రాగితీగ చుట్టిన కాయిల్ దాన్ని పదింతలు చేసి ఇస్తుంది," అన్నారు.

"మిగతా తొమ్మిదింతలూ ఎక్కణ్ణుంచి వస్తాయండీ?"

"శూన్యంలోంచి."

శూన్యంతో నాకు వృత్తిరీత్యా పరిచయం ఉంది. దాన్ని దేనితో హెచ్చవేసినా ఏమొస్తుందో పిల్లలకు రోజూ చెబుతుంటాను. కానీ కాపురం చేయాలి గనక మారుమాట్లాడకుండా పులుసు వడ్డించాను.

పడకగది ప్రయోగశాల అయింది. ప్లాస్టిక్ గొట్టానికి సన్నని రాగితీగ చుట్టడంలోనే సెలవులన్నీ కరిగిపోయాయి. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కితే మళ్లీ మొదటికే. చివరికి ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చీ రాగానే, స్విచ్చి వేశారు. కాయిల్ కొసన ఊదారంగు మెరుపు చిటపటలాడింది. దగ్గర పట్టుకున్న ట్యూబులైటు, ఏ తీగా లేకుండానే ఆయన చేతిలో వెలిగింది. ఒప్పుకోవాలి, నాకూ ఒళ్లు జలదరించింది.

కరెంటు కొలిచే మీటరు పెట్టి చూస్తే, లోపలికి వెళ్లేదానికంటే బయటికొచ్చేది ఎన్నో రెట్లు ఎక్కువ! ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు. చరిత్ర సృష్టించినవాళ్లకు ఆకలి వేయదు కాబోలు.

మర్నాడు కాయిల్ పనిచేస్తుండగానే, బల్ల మీద అడ్డంగా ఉందని ఆ మీటరు తీసి చేత్తో పట్టుకున్నాను. దాని తీగలు రెండూ గాల్లో వేలాడుతున్నాయి. అయినా అంకెలు జోరుగా పరిగెడుతున్నాయి.

"ఏమండీ, దేనికీ తగిలించకపోయినా ఇది ఏదో చూపిస్తోంది. కాయిల్ పక్కనుంటే మీటరుకే మతిపోతున్నట్టుంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశావా! గాల్లో కూడా పవరుంది!"

ఇక నేను చేయగలిగింది ప్రార్థన ఒక్కటే.

ఈలోగా కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఏంది సార్ గిది? మీరు పైన ఏదో షురూ చేస్తరు, కింద మా టీవీల అన్నీ గీతలే. జెర మ్యాచ్ సూడనియ్యరా?"

"కొన్నాళ్లు ఓపిక పట్టండి. మీకిక కరెంటు బిల్లే ఉండదు," అన్నారు మా ఆయన, దయతో.

"గట్లనా? అయితే కోత టైంల సూపెట్టున్రి. మా ఆమెను సుత తోల్కొస్త."

మరుసటి ఆదివారం మధ్యాహ్నం కోత మొదలవగానే దంపతులిద్దరూ వచ్చి మంచమ్మీద కూర్చున్నారు. మా ఆయన ట్యూబులైటు ఓనరు చేతికే ఇచ్చారు. అది వెలగ్గానే ఓనరు పసిపిల్లాడిలా నవ్వాడు.

"అరె, మస్తుంది సార్! ఇగ ఫ్యాన్ తిప్పున్రి. చెమటలు వోస్తున్నయ్."

ఫ్యాను తగిలించారు. రెక్క కదల్లేదు. తీగలు మార్చి తగిలించారు. ఈసారి కాయిల్ మీది మెరుపు కూడా చిన్నబోయి, ఆరిపోయింది.

"బ్యాటరీ అయిపోయింది. ఛార్జింగ్ పెట్టాలి," అన్నారు మా ఆయన.

"పెట్టున్రి మరి."

"కరెంటు రావాలి కదండీ."

ఓనరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓనరు మాత్రం లేచి మా ఆయన భుజం తట్టాడు.

"పరేషాన్ గాకున్రి సార్. కరెంటొచ్చినంక ఉచిత కరెంటు సూద్దాం."

ఆ మాటకు నాకు నవ్వాగలేదు. కానీ వాళ్లు దిగి వెళ్లాక, ఆయన తలెత్తకుండా తీగలు చుట్టుకుంటుంటే, నవ్వు ఆపుకుని ఇంకో కొస పట్టుకున్నాను. కరెంటొచ్చి బ్యాటరీ నిండాక, నేను చెప్పకుండానే ఆయన మీటరు తీసుకుని గాల్లో పట్టుకున్నారు. కాయిల్‌కి దూరంగా జరిగితే అంకెలు తగ్గాయి, దగ్గరికొస్తే పెరిగాయి. చాలాసేపు అలా జరుగుతూనే ఉన్నారు.

"నువ్వన్నది నిజమే," అన్నారు, నాతో కాదు, గోడతో.

ఆ డిసెంబరులో సండే స్కూలువాళ్లు క్రిస్మస్ కార్యక్రమానికి ఆ కాయిల్ అడిగారు. ఆయన వేదిక మీద ట్యూబులైటు పట్టుకుని నిలబడ్డారు. పిల్లలు ఈలలు వేశారు. ముందువరసలో ఒక పెద్దాయన, "ఎంత కరెంటు పుట్టిస్తుంది బాబూ ఇది?" అని అడిగాడు.

"ఏమీ పుట్టించదండీ," అన్నారు మా ఆయన. "బాగా తింటుంది."

పిల్లలకు ఆ లెక్కలతో పనిలేదు. ఇంకోసారి వెలిగించమని గొడవచేశారు. ఆయన వెలిగించారు.