ఇప్పచెట్ల కింద ఎనిమిది లాగర్లు

2024 ఫిబ్రవరి. జనగామలో ఉంటూ ఒక పరికరాల కంపెనీకి సర్వీస్ ఇంజనీరుగా పనిచేయబట్టి అప్పటికి పదిహేనేళ్లు. నేను చూసేది యంత్రాలను కాదు, వాటి సాఫ్ట్‌వేర్‌ను. కాలేజీ ల్యాబుల్లో, పొలాల్లో, అడవుల్లో పెట్టిన పరికరాలు కొలిచిన లెక్కలు కంప్యూటర్‌లోకి సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటం నా పని.

ఈ కేసు డాటా లాగర్లది. డాటా లాగర్ అంటే అరచేతిలో పట్టే డబ్బా. దాని తీగ చివర ఉన్న స్టీలు సెన్సర్‌ను నేలకు ఆనించి పెడితే పావుగంటకోసారి వేడిని కొలిచి గుర్తుపెట్టుకుంటుంది. కోతి తీగ లాగినా, దగ్గర్లో పిడుగు పడినా ఒక్క రీడింగు ఉన్నట్టుండి పైకి లేస్తుంది. దాన్ని స్పైక్ అంటాం. అలా ముందువెనకలతో పొంతన లేకుండా లేచిన ఒంటరి రీడింగును తీసేసి, అటూ ఇటూ ఉన్నవాటి సగటును అక్కడ పెట్టే స్పైక్ ఫిల్టర్‌ను మా కంపెనీకి రాసిచ్చింది నేనే. దానివల్ల రిపోర్టులో గీత నున్నగా వచ్చేది. చూసినవాళ్లు మెచ్చుకుంటుంటే నేను ఉబ్బిపోయేదాన్ని.

తిరుపతి అనే పరిశోధక విద్యార్థి భూపాలపల్లి దగ్గరి గుట్టల మీద మా లాగర్లు ఎనిమిది పెట్టించుకున్నాడు. గుట్ట మీద ఇప్పచెట్ల కింద వానాకాలంలో బోలెడు మొలకలు వస్తాయి. మరుసటి ఎండాకాలం దాటేసరికి ఒక్కటీ మిగలదు. ఎందుకన్నదే అతని పరిశోధన. మేకలు తింటున్నాయేమోనని కంచె కట్టి చూశాడు. ఎండకు మాడుతున్నాయేమోనని లాగర్లు పెట్టాడు. మొలకలు లెక్కపెట్టడానికి వానల్లో ఒకసారి, మే చివర ఒకసారి గుట్ట ఎక్కేవాడు. మిగతా కాలమంతా లాగర్లు చూసుకుంటాయని నమ్మాడు. మార్చి చివర బ్యాటరీలు మార్చడానికి వెళ్లేది నేను. రెండేళ్ల లెక్కలు తీస్తే చెట్ల కింద చల్లగానే ఉంది. అతనికి అప్పటికే ఒకసారి గడువు పొడిగించారు. వచ్చే బుధవారం కమిటీ ముందు కారణాన్ని ఆధారంతో చూపలేకపోతే పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోతుంది.

ఆ సమయంలోనే స్వరూప ఫోన్ చేసింది. మహబూబాబాద్ హాస్టల్లో డిగ్రీ మూడేళ్లూ ఆమెది నా పక్క మంచం. నేను డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి కూతుర్ని, సైన్సులో కాలేజీ ఫస్టు. ఆమెది నర్మెట్ట, కామర్సు. పీజీ అయ్యాక పీహెచ్‌డీ సీటు వచ్చింది నాకే. చేతికి జీతం రావాలని దాన్ని వదిలేసుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆమె ఇద్దరు పిల్లల్ని పెంచుకుంటూ, నలభైకి దగ్గరపడ్డాక మార్కెటింగ్‌లో పీహెచ్‌డీలో చేరింది. ఆ సంగతి తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. మార్కెటింగ్ కూడా ఒక పరిశోధనేనా అని మా ఆయన ముందు గంటసేపు వెక్కిరించాను.

"కరుణా, తిరుపతి లాగర్లు నువ్వే చూస్తవంట గదా. ఎల్లుండి భూపాలపల్లికి రారాదే, ఒక ముచ్చట తేలాలె" అంది.

అడవి చుట్టుపక్కల అంగళ్లలో ఇప్పపువ్వు ఎలా అమ్ముడుపోతుందన్నది ఆమె విషయం. అలా తిరిగేటప్పుడే తిరుపతి పరిచయమయ్యాడట. భూపాలపల్లిలో అతని గదిలో కూర్చోగానే నోటుబుక్కు తెరిచింది.

"ఒక్కటే అంగడి, ఒక్కటే పువ్వు. కొందరికి ధర ఎక్కువ, కొందరికి తక్కువ. గిట్లెందుకని పువ్వు ఏరే లచ్చవ్వను అడిగిన. 'ఆకు, చెత్త లేకుంటే ఎక్కువిస్తరు బిడ్డా. అందుకే పువ్వు రాలకముందే చెట్టు కింది ఎండుటాకులు కాలవెడ్తం. నేల సాఫ్ అయితది, పువ్వు మంచిగ కనవడ్తది' అన్నది."

తిరుపతి లేచి నిలబడ్డాడు. "అక్కా, మొలకలు గట్లనే పోతున్నయి! గా మంటల్నే పోతున్నయి!"

అతని ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. రెండేళ్లు నా లాగర్లకు అందనిది, అంగట్లో గంపల పక్కన కూర్చుని ధరలు అడిగిన స్వరూపకు దొరికింది.

"మంట పెడితే లాగర్ల కనవడాలె గద. ఎనిమిదింట్ల ఒక్కదాంట్ల కూడ లేదు. నీకు అవ్వ మాట సరిగ సమజ్ కాలేదేమో" అన్నాను.

స్వరూప ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే, చూడటానికి నాకు బాగుంది.

తిరుగు బస్సులో, పరకాల దాటాక, నీళ్ల సీసా కోసం టూల్‌బ్యాగులో చేయి పెడితే పసుపుపచ్చ గుడ్డ చేతికి తగిలింది. దాని నిండా మసి. ఎలుకలు కొరకకుండా సెన్సర్ తీగను ఇనుప గొట్టంలోంచి దించాం. కిందటి మార్చిలో ఆ గొట్టాలు నల్లగా ఉంటే, పని శుభ్రంగా కనబడాలని నా చేత్తోనే తుడిచాను. చెట్టు కింద నేల ఊడ్చినట్టుంటే, కూర్చోవడానికి బాగుందనుకున్నాను. ఆకుల మంట ఎంతసేపుంటుంది? ఒక్క రీడింగుకు వేడెక్కి, మరో పావుగంటకు సెన్సర్ చల్లారిపోతుంది. దాన్ని నా ఫిల్టర్ కోతి లాగిన తీగ కింద జమకట్టి తీసేసి ఉంటుంది.

ఫిల్టర్ రిపోర్టునే మారుస్తుంది. అసలు లెక్కలున్న రా ఫైలు నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. తెరిస్తే నిమిషం పని. నాలుగు రోజులు తెరవలేదు. తెరిస్తే నా ఫిల్టర్ తప్పవుతుంది, స్వరూప ప్రశ్న ఒప్పవుతుంది. ఆమె పేరు ముందు డాక్టరన్న మాటకు నేనే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది. అలా కళ్లలో నిప్పులు పోసుకుని కూర్చున్నాను.

సోమవారం తిరుపతి ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"అక్కా, మంట ముచ్చట తీసేస్తున్న. స్వరూపక్క గూడ ఆమె థీసిస్ల కెళ్లి తీసేసిందంట."

"ఆమెందుకు తీసేసింది?"

"'కరుణ లేదన్నదంటే లేదు. హాస్టల్ల ఉన్నప్పటి సంది దాని లెక్క ఎన్నడు తప్పలే, నేనే తప్పు విన్న' అన్నది. బుధవారం నాడు కారణం దొరకలేదనే చెప్త అక్కా. గంతే ఇగ."

ఫోన్ పెట్టేసి రా ఫైలు తెరిచాను. ఎనిమిదింటిలో ఆరు లాగర్లలో, రెండేళ్లూ మార్చి నెలలోనే, మిట్టమధ్యాహ్నం ఒక్కొక్క రీడింగు నిటారుగా లేచి ఉంది. ముందు స్వరూపకే ఫోన్ చేశాను.

"నువ్వు విన్నదే నిజం. బస్సుల వస్తుంటేనే నాకు అనుమానమొచ్చింది. నాలుగు రోజులు ఫైలు తెరవలే."

"ఎందుకు తెరవలే?"

"నువ్వు కనిపెట్టినవని కుళ్లు."

"నాకెందుకు చెప్తున్నవే? నాలుగు రోజుల సంది తిండి తినక పరేషానైతుండు తిరుపతి. పోయి ఆయనకు చెప్పు" అని పెట్టేసింది.

మంగళవారం మొదటి బస్సుకు భూపాలపల్లి వెళ్లాను. ఫిల్టర్ రాసింది నేనే, మసి తుడిచింది నేనే, నాలుగు రోజులు నోరు మూసుకున్నదీ నేనే అని తిరుపతితో చెప్పాను. అతను స్క్రీన్ మీద ఆ గీతల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. కమిటీ కోసం సంతకం చేసి కాగితం రాసిచ్చాను. బుధవారం అతని ఆధారాన్ని ఒప్పుకున్నారు. తీసేసిన భాగాన్ని స్వరూప మళ్లీ తన థీసిస్‌లో పెట్టుకుంది, నిరుడు డాక్టరైంది. అభినందనలని మెసేజ్ పెట్టాను. కుళ్లు పోయిందా అంటే పోలేదు.

ఇప్పుడు నా ఫిల్టర్ ఏ రీడింగునూ తీసేయదు, ఎర్ర చుక్క పెట్టి వదిలేస్తుంది. ఎక్కడ లాగర్ పెట్టినా, ల్యాప్‌టాప్ తెరవకముందు ఆ దారిన తిరిగే మనిషిని వెతుక్కుని, మీరిక్కడ ఏ నెలలో ఏం పని చేస్తారని అడుగుతున్నాను. కొత్తగా చేరినవాళ్లకూ అదే నేర్పుతున్నాను. ఈ పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని వాళ్లు అడిగితే అనుభవం అంటాను. స్వరూప పేరు చెప్పడానికి ఇంకా నోరు రావడం లేదు.